ఎర్రనీళ్లలో నిమ్మరసం

దిష్టి తీయడానికి మా అమ్మమ్మ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, చిటికెడు పసుపు వేసి, తాంబూలం పెట్టెలోంచి వేలికొసతో కాస్త సున్నం తీసి కలిపేది. పచ్చటి నీళ్లు చూస్తుండగానే నెత్తురు రంగుకు తిరిగేవి. హైస్కూల్లో సైన్సు మాస్టారు లిట్మస్ కాగితం చూపించిన రోజు నాకు ఆ పళ్లెమే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి అవే నీళ్లు గాజుగ్లాసులో కలిపి, నిమ్మచెక్క తీసుకుని చుక్కచుక్కగా పిండాను. చుక్క పడ్డచోట పచ్చటి మరక తేలి, చెంచాతో తిప్పగానే ఎరుపులో కలిసిపోయింది. తర్వాతి చుక్క మరక ఇంకాస్త సేపు నిలిచింది. అలా పోగా పోగా ఒక్క చుక్క దగ్గర గ్లాసు మొత్తం పచ్చబడింది. ఎంత తిప్పినా మళ్లీ ఎర్రబడలేదు.

నాలుకను పొక్కించే సున్నం ఏమైంది? పళ్లు పులిసే నిమ్మరసం ఏమైంది? రెండూ ఒకదాని పదును ఒకటి తీసేసుకుని మూడో పదార్థమయ్యాయి. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణం, నీరు వస్తాయని బడిలో వల్లించేది దీన్నే. ఆ గ్లాసులో పుట్టిన లవణం పేరు కాల్షియం సిట్రేట్. పేరులో మొదటి సగం సున్నం వైపు నుంచి వచ్చింది, రెండో సగం నిమ్మ వైపు నుంచి. తల్లి పేరూ తండ్రి పేరూ కలిపి బిడ్డను పిలిచినట్టు ఉంటుందది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు రాసే ఆ పేరు వెనక చాలామంది జీవితాలున్నాయి. ఒకరు పేరు పెడితే, అందులో తప్పుందని ఇంకొకరు తేల్చారు. అలా కుదిరిన పేరది.

పులుపు క్షారాన్ని చల్లారుస్తుందన్న సంగతి మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. సుశ్రుత సంహితలో క్షారం తయారుచేసే అధ్యాయం ఒకటుంది. మొక్కల్ని కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి వడగట్టి, కాల్చిన సున్నపు పదార్థాలు చేర్చి కాచి, పుండ్లను కాల్చడానికి వాడే మందు చేసేవారు. ఆ మందు మంట పెడితే పుల్లటి కాంజికం లాంటివి పోయమన్నారు. అక్కడితో వదిలేయలేదు. నిప్పులాంటి క్షారాన్ని, తానూ ఘాటైనదే అయిన ఆమ్లం ఎలా శాంతింపజేస్తుందన్న ప్రశ్న కూడా ఆ గ్రంథమే వేసుకుంది. క్షారంలోని ఉప్పదనం పులుపుతో కలిసి తియ్యబడి తీక్షణత వదులుకుంటుందని జవాబిచ్చింది. రుచుల భాషలో చెప్పిన జవాబే అయినా, అడగాల్సిన ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నంటే నాకు ఎంతో గౌరవం.

కొరత పేర్ల దగ్గర ఉండేది. పచారీ కొట్టుకో మూలికల అంగడికో వెళ్లి అన్నభేది, మైలుతుత్తం, భేది ఉప్పు అడగండి. మొదటిది లేతాకుపచ్చ పలుకులు, రెండోది నెమలికంఠం నీలం, మూడోది తెల్లటి సూదులు. మూడూ ఒక్క తండ్రి బిడ్డలే. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇనుముతో కలిస్తే అన్నభేది, రాగితో కలిస్తే మైలుతుత్తం, మెగ్నీషియంతో కలిస్తే భేది ఉప్పు. పటికలోనూ ఆ ఆమ్లపు అంశే ఉంది. పేర్లు విన్నవాడికి ఈ అన్నదమ్ముల వరస ఏమాత్రం తెలియదు. సురేకారం, నవాసారం, వెలిగారం కూడా అంతే. అవి అందమైన పేర్లు, వాడకంలో నలిగి నునుపెక్కిన పేర్లు. పుట్టుక మాత్రం చెప్పవు.

ఐరోపాలోనూ ఇదే పరిస్థితి. జర్మనీకి చెందిన యోహాన్ రుడాల్ఫ్ గ్లౌబర్ 17వ శతాబ్దంలో వంట ఉప్పు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి కాచి, ఒకవైపు ఘాటైన ఉప్పు ఆమ్లాన్ని పట్టుకున్నాడు. పాత్రలో మిగిలిన తెల్లటి స్ఫటికాలకు ‘అద్భుత లవణం’ అని పేరు పెట్టాడు. నేడది సోడియం సల్ఫేట్. కనిపెట్టినవాడి ఆశ్చర్యం ఆ పేరులో కనిపిస్తుందిగానీ పదార్థం కనిపించదు. సీసం లవణం ఒకటి తియ్యగా ఉంటుందని దాన్ని ‘సీసపు చక్కెర’ అన్నారు. అది విషం. విషానికి చక్కెర అని పేరు పెట్టి మందుల సీసాల మధ్య ఉంచడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

1664లో రాబర్ట్ బాయిల్ రంగుల గురించి రాసిన పుస్తకంలో మా అమ్మమ్మ పళ్లెం లాంటి పరీక్ష ఒకటి వర్ణించాడు. వయొలెట్ పూల పాకంలో ఆమ్లం పడితే ఎర్రబడుతుంది, క్షారం పడితే ఆకుపచ్చ అవుతుంది. ఏది ఆమ్లమో ఏది క్షారమో నాలుకతో పని లేకుండా కంటితో తేల్చే మార్గం దొరికింది. రెండూ సమానమై ఎటూ మొగ్గని స్థితిని కూడా గుర్తించే వీలు కలిగింది.

అసలు మలుపు పారిస్‌లోని రాజోద్యానంలో వచ్చింది. అక్కడ 1742 నుంచి గియోమ్ ఫ్రాన్స్వా రుయెల్ రసాయన ప్రయోగాలు చేసి చూపించేవాడు. నార్మండీ పల్లెటూరి మనిషి. పాఠం మొదలుపెట్టేటప్పుడు దర్జాగా ఉండేవాడట. విషయంలో పడ్డాక ముందు పొడుగు చేతుల చొక్కా మడతలు, తర్వాత విగ్గు, ఆ తర్వాత కోటు ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పడేసేవాడని చెప్పుకుంటారు. ఆ పాఠాలు విన్నవాళ్లలో రచయితలు దిదెరో, రూసో, తర్వాతి కాలంలో కుర్ర లవాజియే ఉన్నారు. 1744లో రుయెల్ ఫ్రెంచి సైన్సు అకాడమీకి లవణాల మీద ఒక పత్రం సమర్పించాడు. అప్పటికి లవణమంటే రుచిని బట్టి, నీళ్లలో కరగడాన్ని బట్టి గుర్తించే ఏదో ఒకటి. ఆమ్లాల్నీ క్షారాల్నీ కూడా లవణాలనే పిలిచేవారు. రుయెల్ ఆ గందరగోళాన్ని ఒక్క వాక్యంతో కోసేశాడు. ఆమ్లం ఏదైనా ఒక పదార్థంతో కలిసి, ఆ పదార్థం దానికి ఆధారమై ఘనరూపం ఇస్తే అదే తటస్థ లవణం అన్నాడు. ఆ పదార్థం బూడిద క్షారం కావచ్చు, సున్నంలాంటి మన్ను కావచ్చు, లోహం కావచ్చు.

ఆనాటి ఆమ్లాల్లో చాలావరకు ద్రవాలు, సీసాలో నిలవక ఎగిరిపోయే గుణమున్నవి. వాటిని పట్టి కూర్చోబెట్టేది ఏదో దానికి రుయెల్ ‘బాజ్’ అన్న మాట వాడాడు. అంటే పీట, పునాది. ఇంగ్లిషు పుస్తకాల్లోని ‘బేస్’ అదే. మన క్షారం అన్న మాటకు బూడిదతో, కాల్చే గుణంతో సంబంధం. రుయెల్ మాటలో కాల్చడం లేదు, ఆసనమివ్వడం ఉంది. అందుకే ఇనుమూ రాగీ కూడా ఆ కూటంలో చేరగలిగాయి. తెలుగులో రెంటికీ క్షారం అనే అలవాటు పడ్డాం. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ పీట సంగతి కూడా చెబితే, లోహపు ఆక్సైడును ఎందుకు క్షారం అంటున్నారన్న చిక్కు సగం విడిపోతుందని నా అనుభవం.

పదేళ్ల తర్వాత, 1754లో, రుయెల్ ఇంకో అడుగు వేశాడు. కొన్ని లవణాలు తమకు చాలినంత ఆమ్లం కలుపుకున్నాక కూడా మరికొంత పట్టుకుంటాయి. అవి గట్టి స్ఫటికాలే, అయినా పుల్లగా ఉంటాయి, పూలపాకాన్ని ఎర్రబరుస్తాయి. ఆ అదనపు ఆమ్లం కేవలం అంటుకుని ఉన్న తడి అని రసాయనవేత్త ఆంత్వాన్ బోమే వాదించాడు. కాదు, అదీ ఒక లెక్క ప్రకారం కలిసిందేనని రుయెల్ పట్టుబట్టాడు. ఎవరు నెగ్గారో తేలడానికి యాభై ఏళ్లు పట్టింది. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

ఇంత జరిగినా పేర్లు పాతవే. లవణంలో రెండు పక్షాలున్నాయని తెలిశాక కూడా ఒకే లవణాన్ని ఊరికో పేరుతో పిలుస్తున్నారు. నేటి పొటాషియం సల్ఫేట్ ఒక్కదానికే ‘విట్రియొలేటెడ్ టార్టార్’ అని, ‘జంట రహస్యం’ అనే అర్థంలో ‘ఆర్కానమ్ డుప్లికాటమ్’ అని, ‘రెండింటి ఉప్పు’ అనే అర్థంలో ‘సాల్ డె డుయోబస్’ అని పేర్లుండేవి. ఇది చూసి విసిగిపోయినవాడు దిజోన్ నగరంలో న్యాయస్థానంలో పనిచేసే లూయీ బెర్నార్ గీతోన్ ద మోర్వో. రసాయన శాస్త్రం మీద మక్కువతో దిగినవాడు. బహుశా వకీలు కావడం వల్లే కావచ్చు, పత్రంలో రాసిన పేరూ ఎదుట ఉన్న వస్తువూ ఒకటేనా కాదా అన్న పట్టుదల అతనికుంది. 1782లో ఒక ప్రతిపాదన అచ్చువేశాడు. పేరు వస్తువులో ఏమేమి ఉన్నాయో చెప్పాలి, కనిపెట్టినవాడి పేరో ఊరి పేరో చెప్పకూడదు అన్నాడు. స్వీడన్‌లోని ఉప్సలాలో తోర్‌బెర్న్ బెర్గ్‌మన్ కూడా అదే బాటలో ఉన్నాడు. తగని పేరు ఒక్కటీ మిగల్చొద్దని గీతోన్‌కు ధైర్యం చెప్పాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్వీడన్‌లో, చ్యోపింగ్ అనే చిన్న ఊళ్లో, మందుల కొట్టు నడిపే కార్ల్ విల్హెల్మ్ షీలె నిమ్మకాయలతో కుస్తీ పడుతున్నాడు. నిమ్మరసాన్ని కాచి చిక్కబరిస్తే జిగురులాంటి పాకం వస్తోంది తప్ప పులుపు విడిగా స్ఫటికం కట్టడం లేదు. 1784లో అతనికి కిటుకు దొరికింది. రసానికి సున్నపు పదార్థం చేర్చి వేడిచేశాడు. తెల్లటి పొడి అడుగుకు దిగింది. జిగురంతా నీళ్లలో ఉండిపోయింది. ఆ పొడిని కడిగి పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోశాడు. బలమైన ఆ ఆమ్లం సున్నాన్ని తనవైపు లాక్కుని జిప్సమై అడుగున కూర్చుంది. వేరుశనగ చేలకు మన రైతులు చల్లే జిప్సమే అది. ఒంటరిగా మిగిలిన నిమ్మ ఆమ్లం పైన నీటిలో తేలి, ఆరబెడితే స్ఫటికాలు కట్టింది. లవణాన్ని తయారుచేయడం, ఆ లవణంలోంచి ఆమ్లాన్ని మళ్లీ బయటికి లాగడం, రెండూ ఒకే పనిలో చేసి చూపించాడు. విరిగిన పాలలోంచి, యాపిల్ పండ్లలోంచి కూడా ఇలాంటి ఆమ్లాల్ని బయటికి తీసిన ఆ మనిషి 1786లో 43 ఏళ్లకే కన్నుమూశాడు. అతను తీసిన ఆమ్లాలకు పేరు పెట్టే పని పారిస్‌కు మిగిలింది.

1787లో గీతోన్ పారిస్ వచ్చి రసాయనవేత్తలు లవాజియే, బెర్తొలే, ఫుర్‌క్రోయాలతో కూర్చున్నాడు. ఆ ఏడాదే ‘రసాయన నామకరణ పద్ధతి’ అనే పుస్తకం వెలువడింది. మడతలు విప్పితే బల్లంత అయ్యే పట్టిక, పాత పేర్లకు కొత్త పేర్ల నిఘంటువు అందులో ఉన్నాయి. లవణాల వరకు అందులో ఉన్న సూత్రం ఇంత సులువైనది. ఆమ్లం పేరు ‘ఇక్’తో ముగిస్తే లవణం ‘ఏట్’ అవుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి సల్ఫేట్, నైట్రిక్‌కు నైట్రేట్. అదే మూలకంతో ఆక్సిజన్ తక్కువగా ఉన్న ఆమ్లం పేరు ‘అస్’తో ముగుస్తుంది, దాని లవణం ‘ఐట్’ అవుతుంది. సల్ఫ్యూరస్‌కు సల్ఫైట్, నైట్రస్‌కు నైట్రైట్. పక్కన ఆధారం పేరు చేరిస్తే చాలు. తోక మీదున్న ఒక్క అక్షరం మారితే లోపల ఆక్సిజన్ ఎంతుందో తెలిసిపోతుంది. అన్నభేది, మైలుతుత్తం, భేది ఉప్పు అన్నదమ్ములని పేరే చెప్పడం మొదలైంది. నాకు ఈ పట్టిక మన విభక్తి ప్రత్యయాల్లా కనిపిస్తుంది. మాటకు చివర తగిలించిన చిన్న తునక మొత్తం సంబంధాన్ని మోస్తుంది.

షీలె నిమ్మ ఆమ్లం ఆ పట్టికలో సిట్రిక్ ఆమ్లమైంది. దాని లవణాలు సిట్రేట్లు. నా గ్లాసులో ఉన్నదానికి రెండో సగం పేరు అలా 1787లో వచ్చింది. మొదటి సగం ఇంకా రాలేదు. సున్నంలో దాగున్న లోహాన్ని అప్పటికి ఎవరూ బయటికి తీసి చూపించలేదు. అందుకే ఆ పుస్తకంలో అది ‘సున్నపు సిట్రేట్’.

పేర్లు కుదిరాక లెక్క కుదిరింది. ప్రష్యాలో యెరెమియాస్ రిక్టర్ ఒక మామూలు సంగతిని పట్టి వదల్లేదు. రెండు తటస్థ లవణాల ద్రావణాలు కలిపితే అవి జోడీలు మార్చుకుంటాయి. మార్చుకున్నాక కూడా ద్రావణం తటస్థంగానే ఉంటుంది. అంటే ఒక క్షారాన్ని చల్లార్చడానికి ఏ ఆమ్లం ఎంత కావాలో ముందే రాసిపెట్టి ఉన్నట్టే. 1792 నుంచి ఆయన ఆ అంకెలు వెలువరిస్తూ వచ్చాడు. 1802లో ఎర్నస్ట్ ఫిషర్ వాటన్నిటినీ ఒక్క పట్టికలోకి తెచ్చాడు. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని 1000 అనుకుంటే సున్నం 793, సిట్రిక్ ఆమ్లం 1683. చిన్నప్పుడు నా గ్లాసులో ఒక్క చుక్క దగ్గరే రంగు తిరగడానికి కారణం ఈ రెండు అంకెల్లో ఉంది. ఆ చుక్కతో లెక్క సరిపోయింది.

రుయెల్, బోమేల తగవును 1808లో విలియం వొలాస్టన్ తీర్చాడు. ఎంత ముచ్చటైన ప్రయోగమో చూడండి. బూడిద క్షారపు కార్బొనేటులో రెండు రకాలున్నాయి. ఎక్కువ ఆమ్లం పట్టుకున్న రకాన్ని ఎర్రగా కాల్చితే కొంత వాయువు పోయి మామూలు రకం మిగులుతుంది. వొలాస్టన్ కాల్చనిది రెండు గ్రెయిన్లు తూచి, ఆమ్లం తగిలించి ఎంత వాయువు వస్తుందో పాదరసం నింపిన గొట్టంలో గుర్తు పెట్టుకున్నాడు. తర్వాత అదే పదార్థం నాలుగు గ్రెయిన్లు తీసుకుని బాగా కాల్చి, మిగిలినదానికి ఆమ్లం తగిలించాడు. వాయువు సరిగ్గా అదే గుర్తు దగ్గరికి వచ్చింది. అంటే కాలినప్పుడు పోయింది సగానికి సగం. అదనంగా పట్టుకున్న ఆమ్లం తడీ కాదు, అంటుడూ కాదు, ఖచ్చితంగా రెట్టింపు. రుయెల్ మాటే నెగ్గింది, చూడ్డానికి ఆయన లేడు. ‘బైకార్బొనేట్’లోని ‘బై’ ఈ రెట్టింపు గుర్తే. మన వంటసోడా ఆ జాతిదే. ఇప్పటి పుస్తకాల్లో సోడియం హైడ్రోజన్ కార్బొనేట్ అంటారు, ఇంకా స్థానం వదలని హైడ్రోజన్ ఒకటి అందులో ఉందని.

సోడియం అన్న మాట వచ్చింది కాబట్టి హంఫ్రీ డేవీని పిలవాలి. 1807లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన కరిగించిన క్షారాల గుండా విద్యుత్తు పంపి పొటాషియం, సోడియం లోహాల్ని విడదీశాడు. మరుసటి ఏడు సున్నంలోంచి ఇంకో లోహం తీసి, సున్నానికి లాటిన్ మాటైన ‘కాల్క్స్’ నుంచి కాల్షియం అని పిలిచాడు. సున్నపు సిట్రేట్ కాల్షియం సిట్రేట్ కావడానికి దారి అలా పడింది.

అదే డేవీ చేతుల్లో 1787 నాటి పట్టిక ఒకచోట పగిలింది. ఎక్కడ పగిలిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మనం కూరలో వేసుకునే ఉప్పు దగ్గర! ఆక్సిజన్ లేకుండా ఆమ్లమే లేదని లవాజియే నమ్మకం. ఆక్సిజన్ అన్న మాటకే ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అని అర్థం. గ్లౌబర్ పట్టుకున్న ఉప్పు ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరాలని, దాన్ని మ్యూరియాటిక్ ఆమ్లమనీ, వంట ఉప్పును ‘సోడా మ్యూరియేట్’ అనీ పట్టికలో రాశారు. ఆ ఆమ్లంలోంచి 1774లోనే షీలె ఆకుపచ్చని ఘాటు వాయువు ఒకటి తీశాడు. అందులో ఇంకా ఎక్కువ ఆక్సిజన్ ఉందనుకున్నారు. డేవీ ఆ వాయువులో బొగ్గును విద్యుత్తుతో తెల్లగా మండేంత కాచాడు. బొగ్గుకు చిక్కని ఆక్సిజన్ ఉండదు. అయినా ఏమీ రాలేదు. 1810లో ఆయన అది మూలకమేనని ప్రకటించి, లేత ఆకుపచ్చకు గ్రీకు మాట నుంచి క్లోరిన్ అన్నాడు. అప్పటికి లవాజియే గిలెటిన్ కింద తలవాల్చి పదహారేళ్లు. ఆక్సిజన్ లేని ఆమ్లానికి ‘ఏట్’ తోక చెల్లదు. అలా హైడ్రోక్లోరిక్ ఆమ్లపు లవణాలు క్లోరైడ్లయ్యాయి, ఉప్పు సోడియం క్లోరైడ్ అయింది. ఏ ఉప్పును చూసి ప్రపంచం ఈ జాతి మొత్తానికి లవణాలని పేరు పెట్టిందో, ఆ ఉప్పే ‘ఏట్’ సూత్రంలో ఇమడలేదు.

ఆమ్లానికి ఆమ్లత్వమిచ్చేది ఆక్సిజన్ కాకపోతే హైడ్రోజనే అన్న ఆలోచన అక్కణ్నుంచి బలపడింది. లోహం వచ్చి తోసేయగల హైడ్రోజన్ ఉన్నదే ఆమ్లమని 1838లో లీబిష్ చెప్పాడు. 1884లో ఉప్సలాలో స్వాంటె అరీనియస్ నీళ్లలో కరిగిన ఆమ్లాలు, క్షారాలు, లవణాలు విద్యుదావేశమున్న ముక్కలుగా విడిపోతాయన్న ఆలోచనతో సిద్ధాంతగ్రంథం రాస్తే, పరీక్షకులు అత్తెసరు మార్కులతో గట్టెక్కించారు. 1903లో ఆ ఆలోచనకే నోబెల్ వచ్చింది. ఏ బలమైన ఆమ్లం ఏ బలమైన క్షారంతో కలిసినా ఒక మోల్ నీటికి సుమారు 57 కిలోజౌళ్ల వేడే ఎందుకు పుడుతుందో అప్పుడు అర్థమైంది. అక్కడ జరిగేది నిజానికి ఒక్కటే, ఆమ్లపు హైడ్రోజన్, క్షారపు హైడ్రాక్సైడ్ కలిసి నీరు కావడం. లవణానికి పేరిచ్చే రెండు పక్షాలూ ఆ పెళ్లికి వచ్చిన చుట్టాల్లా నీళ్లలో విడివిడిగా తిరుగుతూ ఉంటాయి. కరిగే లవణమైతే, నీరు ఆరితేనే అవి పక్కపక్కన కూర్చుంటాయి.

ఈ పేర్ల బడిలో మన దేశం నుంచి కూడా ఒక గొప్ప విద్యార్థి ఉన్నాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రఫుల్ల చంద్ర రాయ్ పాదరసాన్ని చల్లటి పల్చని నైట్రిక్ ఆమ్లంలో వేసి, 1896లో పసుపుపచ్చని స్ఫటికాలు కట్టించాడు. నైట్రిక్‌తో కలిపాం కాబట్టి నైట్రేట్ వస్తుందనుకుంటాం. వచ్చింది మెర్క్యురస్ నైట్రైట్. ఆ పేరు తోకలు చదవండి. ‘అస్’ పాదరసపు తక్కువ స్థితిని, ‘ఐట్’ ఆక్సిజన్ తగ్గిన ఆమ్లాన్ని చెబుతున్నాయి. సుశ్రుతుని క్షారపాకాన్ని తన హిందూ రసాయన శాస్త్ర చరిత్రలో ప్రపంచానికి చూపించిందీ ఈ రాయ్‌గారే.

ఇది రాసే ముందు ఆ పాత ప్రయోగం మళ్లీ చేశాను. ఈసారి సున్నం ముందురాత్రే నీళ్లలో వేసి, తెల్లారాక పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకున్నాను. నిమ్మరసం పల్చటి గుడ్డలో వడగట్టాను. చిటికెడు పసుపు వేస్తే అదే ఎరుపు, చుక్కచుక్కగా పిండితే ఆఖరి చుక్క దగ్గర అదే పచ్చన. చిన్నప్పుడు అక్కడితో ఆపేసి నీళ్లు పారబోశాను. ఇప్పుడు ఆపలేదు. షీలె చేసినట్టు గిన్నెలోకి ఒంపి సన్నని సెగ మీద పెట్టాను. చాలా లవణాలు వేడికి ఎక్కువ కరుగుతాయి. కాల్షియం సిట్రేట్ మాత్రం చల్లటి నీళ్లలోనే ఎక్కువ కరుగుతుంది. నీళ్లు సలసల కాగేసరికి ఆ పచ్చదనంలో తెల్లటి మసక కమ్మింది. దించి కాసేపు కదలనివ్వకుండా ఉంచితే అడుగున సన్నటి పిండి పేరుకుంది. చెంచా కొసతో తీసి వేళ్ల మధ్య నలిపాను. సున్నంలా కొరకలేదు, నిమ్మలా పులవలేదు.